టోపీవాడి ఆఖరి గది

కళ్ళజోళ్ళ దుకాణంలో ముందు గది కొనేవాళ్ళది, వెనక గది అద్దాలాయనది. ముందు గదిలో నిలువుటద్దాలూ, దీపాలూ, ఏది పెట్టుకున్నా భలే నప్పిందనే అమ్మాయిలూ ఉంటారు. వెనక గదిలో అరగదీసే యంత్రం, నీళ్ళ బకెట్, బల్ల నిండా తెల్లటి పొడి, ఆ పొడి మధ్యలో ఆయన ఉంటాడు. పవర్ రాసిన చీటీ, ఫ్రేమూ చేతికిస్తే చాలు, అద్దం అంచులు అరగదీసి వెంట్రుకవాసి తేడా లేకుండా అందులో కూర్చోబెడతాడు. విరిగిన కళ్ళజోడు తెచ్చి అచ్చం ఇలాగే కావాలని అడిగేవాళ్ళంటే ఆయనకు ప్రాణం. కొత్త రకం ఏదైనా ఎంచి పెట్టమంటే మాత్రం చేతులెత్తేస్తాడు. ఒకసారి ఒక పెద్దావిడ తెచ్చిన పాత అద్దానికి మూలన చిన్న పెచ్చు ఊడి ఉంది. అచ్చం అలాగే అన్నారు కదా అని కొత్త అద్దానికీ అదే మూల పెచ్చు లేపి ఇచ్చాడు. యజమాని ఆ రోజు తిట్టిన తిట్లు ఆయనకు ఇప్పటికీ కంఠతా వచ్చు. అడిగితే అప్పజెబుతాడు కూడా.

ఈ సంగతులన్నీ ఆయన నోట విన్నవే. తన మీద తను వేసుకున్న జోకులు తీసేస్తే ఇందులో మిగిలేది ఆవగింజంత. కాబట్టి ఎక్కడైనా ఆయన్ని మరీ ఆడిపోసుకున్నట్టు అనిపిస్తే ఆ పాపం చెప్పేవాళ్ళది కాదు.

ఆయన చిన్నప్పుడు వాళ్ళ వీధి చివర కంప్యూటర్లు గంటల లెక్కన అద్దెకిచ్చే కొట్టు ఒకటుండేది. కంప్యూటరంటే ఏమీ లేదు, టీవీకి తగిలించిన కీబోర్డు. ఆటలు క్యాసెట్లలో వచ్చేవి. చూడ్డానికి పాటల క్యాసెట్ లాంటిదే కానీ, పెడితే పాట రాదు, పిల్లి తోక తొక్కినట్టు ఒకటే గోల. ఆ గోల అంతా అయ్యాక తెర మీద ఆట కనబడేది. అసలు క్యాసెట్ ఎలా ఉంటుందో పిల్లల్లో ఎవరూ చూసి ఎరగరు. కొట్టాయన కూతురు వెనక భాగంలో నిలబడి ఒక క్యాసెట్‌లోంచి ఇంకో క్యాసెట్‌లోకి ఆటలు ఎక్కిస్తూ ఉండేది. ఆమె క్యాసెట్లక్క. ఆమె ఎక్కించినవే అందరూ ఆడేవాళ్ళు, దాచుకున్న చిల్లరతో కొనుక్కునేవాళ్ళు. దీన్ని దొంగతనం అంటారని ఎవరైనా చెప్పి ఉంటే వీధి వీధంతా ముక్కు మీద వేలేసుకునేది.

ఆ క్యాసెట్లలో ఒకటి టోపీవాడు. అసలు పేరేమిటో తెలియదు కాబట్టి పిల్లలు పెట్టుకున్న పేరది. పెద్ద టోపీ, చిన్న మనిషి. పాడుబడ్డ కోటలో గది గదికీ దూకుతూ దీపాలు వెలిగించుకుంటూ పోవాలి. గబ్బిలం తగిలితే ప్రాణం పోతుంది. మూడో అంతస్తు మెట్ల మీద వాడు ఒక్క క్షణం ఇరుక్కుని, మళ్ళీ కదిలేవాడు. ఆ క్షణంలో గబ్బిలం వచ్చిందా, అంతే సంగతులు. అన్ని దీపాలూ వెలిగిస్తే చివర ఒక తలుపు తెరుచుకునేది. లోపల ఉత్త గది. గోడకు ఆనించి ఒక కుర్చీ. టోపీవాడు తనంతట తనే వెళ్ళి, టోపీ తీసి, కుర్చీలో కూర్చునేవాడు. ఆ తర్వాత ఏ బటన్ నొక్కినా ఉలకడు, పలకడు. ఆట హ్యాంగయిందని తిట్టుకుని, స్విచ్ ఆపి ఇళ్ళకు పోయేవాళ్ళు. క్యాసెట్ అరిగిపోయిందనీ, అసలు ముగింపు అందులో చెరిగిపోయిందనీ మనవాడి గట్టి నమ్మకం.

పెద్దయ్యాక, అద్దాలు అరగదీసే చేతులు సాయంత్రాలు ఖాళీగా ఉండలేక, ఆ ఆటను మళ్ళీ తయారు చేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క క్యాసెట్ ముందు పెట్టుకుని, నెట్‌లో వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, గబ్బిలం రెక్క ఎన్నిసార్లు ఆడుతుందో కూడా చూసి రాసుకున్నాడు. ఆయన భార్య ఒక ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. లోకంలో మొగుళ్ళు తాగుతారు, పేకాడతారు, తనకు మాత్రం అలాంటి బాధలేవీ లేవనీ, తన మొగుడు దీపాలు వెలిగించుకుంటాడనీ అక్కడి వాళ్ళతో చెప్పేది. వాళ్ళు దాన్ని భక్తి అనుకునేవాళ్ళు. ఆవిడ కాదనలేదు.

దీనంతటికీ ఒక కారణం ఉంది. అడిగితే సిగ్గుపడతాడు కానీ చెబుతాడు. కళ్ళజోడు కాడ మీద కంపెనీ పేరుంటుంది, డబ్బా మీద దుకాణం పేరుంటుంది, చీటీ మీద డాక్టరు పేరుంటుంది. అద్దం అరగదీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. చచ్చేలోగా ఏదో ఒకదాని మీద తన పేరు చూసుకోవాలని ఆయన కోరిక. అందుకే మిగతా ఆటంతా చీమంత తేడా లేకుండా దించినా, ఆఖరి గది దగ్గర మాత్రం చెయ్యి ఆగలేదు. చెరిగిపోయిన ముగింపు ఎంత గొప్పగా ఉండేదో తనే ఊహించి పూర్తి చేశాడు. కుర్చీ తీసేశాడు. టోపీవాడి చేత డాన్సు చేయించాడు. టపాకాయలు పేల్చాడు, పైనుంచి నెత్తి మీదికి కిరీటం దించాడు, ఎదురుగా గోడ మీద బారెడు అక్షరాలతో తన పేరు రాసుకున్నాడు. కోటకు రంగులేసినవాడే దాన్ని కట్టించానన్నట్టుందని భార్య అంటే, కళ ఆవిడకు అర్థం కాదని సరిపెట్టుకున్నాడు.

ఆటను నెట్‌లో ఉచితంగా పెట్టగానే జనం వచ్చారు. చిన్నప్పుడు టోపీవాడితో పెరిగినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళు ఆయన్ని గురూగారూ అని పిలవడం మొదలుపెట్టారు. తమ చిన్నప్పుడు మెట్ల దగ్గర టోపీవాడు ఇరుక్కున్నట్టు గుర్తు లేదని ఒకరిద్దరు నసిగారు కానీ, మిగతావాళ్ళు వాళ్ళను నోరెత్తనివ్వలేదు. ఆ తడబాటులో మనిషి అలసట ఉందని ఒకాయన పెద్ద వ్యాసం రాశాడు. మనవాడు దాన్ని మూడుసార్లు చదివి, అది తను ముందే గ్రహించినట్టు తలూపాడు. కళ్ళు నెత్తికెక్కాయి. దుకాణంలో యజమాని ఏదైనా పురమాయిస్తే ఒక చిరునవ్వు నవ్వి అప్పుడు చేసేవాడు. ఆ చిరునవ్వు చూస్తే తనకు ఇప్పుడు తన్నాలనిపిస్తుందని ఆయనే అంటాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. టోపీవాణ్ణి పుట్టించిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాన్ని ఇంకొకరు కొన్నారు, వాళ్ళను మరొకరు కొన్నారు, ఇప్పుడు ఆ మరొకరి వకీళ్ళు రాశారు. తడి చేతులతో ఫోన్ పట్టుకుని మనవాడు మొదటి రెండు వాక్యాలు చదివాడు. ఆయన కృషి తమ దృష్టికి వచ్చిందనీ, అభిమానుల ఉత్సాహాన్ని తాము గౌరవిస్తామనీ ఉంది. ఇక చదవలేదు. చదివేంత ఓపిక ఎక్కడిది! నేరుగా యజమాని దగ్గరికి వెళ్ళి, తను ఈ ఉద్యోగంలో ఎక్కువ రోజులు ఉండకపోవచ్చనీ, వెనక గదికి ఇంకో మనిషిని చూసుకోవడం మంచిదనీ, వీలైతే వచ్చేవాడికి తనే పని నేర్పుతాననీ చెప్పాడు. యజమాని పాపం కంగారుపడి టీ తెప్పించాడు.

సాయంత్రం భార్య ఆ మెయిల్ ఆఖరి దాకా చదివింది. చదివి, ఫోన్ ఆయన చేతిలో పెట్టి, ఆయన కాపీ కొట్టాడంటున్నారనీ, రెండు వారాల్లో ఆట తీసేయకపోతే కోర్టుకు లాగుతారనీ చెప్పింది. ఆయనకు గుండె గుభేలుమంది. మర్నాడు యజమాని ముందు నిలబడి, వెనక గదికి మనిషిని వెతకొద్దని చెప్పడం ఆ గుభేలు కంటే కష్టమయింది. టీ మళ్ళీ రాలేదు.

చదువుకునే అద్దాల కోసం వచ్చే ఒక వకీలాయన ఉన్నాడు. ఆయన కళ్ళజోడు తయారయ్యాక మనవాడు వెనక గది నుంచి తనే తీసుకెళ్ళి ఇచ్చి, ఫ్రేము సరిచేసే వంకతో మొత్తం కథ చెప్పాడు. డబ్బు తీసుకోలేదండీ, అమ్మలేదండీ, ప్రేమతో చేశానండీ అన్నాడు. వకీలాయన అద్దాల్లోంచి ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు.

"పక్కింటాయన కారంటే మీకు ప్రాణం అనుకోండి. రోజూ తుడుస్తున్నారు కూడా. అయినా తాళం తీసుకుని ఊరంతా తిప్పితే ఊరుకుంటాడా?"

డబ్బు తీసుకోకపోవడం వల్ల దోషం తగ్గితే తగ్గుతుందేమో కానీ పోదని వకీలాయన చెప్పాడు. టోపీ వాళ్ళది, బొమ్మ వాళ్ళది, సంగీతం వాళ్ళది, ఆఖరికి గబ్బిలాలూ వాళ్ళవే. వాళ్ళది కానిదేదైనా అందులో ఉంటే దాన్ని మాత్రం విడిగా ఉంచుకోవచ్చు, దాని మీద పేరూ వేసుకోవచ్చు. అలాంటిది ఏదైనా ఉందా అని అడిగాడు. మనవాడు ఉందనబోయి ఆగాడు. ఆఖరి గది ఉంది. కానీ అసలు ఆటలో ఆ చోట ఏముండేదో తనకే తెలియదు. నిజానికి అసలు ఆటే తనకు తెలియదు. ఇన్నేళ్ళు ఆ ఆటకు పూజారిగా తిరిగినవాడు దాన్ని ఒక్కసారైనా కొని ఎరగడు.

పాత వస్తువులు పోగుచేసే ఒకాయన దగ్గర అసలు క్యాసెట్ దొరికింది. ధర భార్యకు చెప్పలేదు కాబట్టి ఇక్కడా చెప్పడం బాగుండదు. ఆదివారం పొద్దున్నే కూర్చుని మొదటి గది నుంచి ఆడాడు. మూడో అంతస్తు మెట్ల మీద టోపీవాడు ఇరుక్కోలేదు. గడగడా ఎక్కిపోయాడు. ఎక్కడో పొరపాటు జరిగిందని మళ్ళీ ఆడాడు. మళ్ళీ గడగడా ఎక్కిపోయాడు. మనిషి అలసట గురించిన వ్యాసం గుర్తొచ్చింది. అయినా బిగబట్టి ఆఖరి దీపం వెలిగించాడు. తలుపు తెరుచుకోలేదు. గదీ లేదు. తెర నల్లగా అయిపోయి, శభాష్ అన్నట్టు ఒక ముక్క పడి, టోపీవాడు మళ్ళీ మొదటి గదిలో ఆరిపోయిన దీపాల ముందు నిలబడి ఉన్నాడు.

ముందు ఎగిరి గంతేశాడు. గది కంపెనీది కాదు! ఆట పోతే పోయింది, గది దక్కింది, గోడ మీద పేరు దక్కింది. భోజనాల దగ్గర భార్యతో ఆ గది తనదేనని చెప్పాడు. ఆవిడ కంచంలోంచి తలెత్తలేదు.

"ఆ గది మీరు కట్టారా, మీకు కనబడిందా?"

కనబడిందే కానీ తను దాన్ని ఎంతో మెరుగుపెట్టాననీ, ప్రేమతో చేశాననీ అన్నాడు.

"కంపెనీ ఆట గురించీ మీరు వకీలాయనకు అదే చెప్పారు కదండీ," అంది ఆవిడ.

అన్నం కలుపుతూ లెక్క వేసుకున్నాడు. తన క్యాసెట్‌లో కుర్చీ ఉంది. అసలు క్యాసెట్‌లో లేదు. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క మనిషి, క్యాసెట్లక్క. నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలియదు, ఆ సంగతీ తోచింది. రెండు రోజులు ఊరుకున్నాడు కూడా. ఆ రెండు రోజుల్లో అరగదీసిన అద్దాలు ఒక్కటీ ఫ్రేములో సరిగ్గా కూర్చోలేదు. మూడో రోజు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని పాత వీధికి వెళ్ళాడు.

కొట్టు అక్కడే ఉంది. ఇప్పుడది జిరాక్స్ షాపు. తలుపు పక్కన లామినేషన్ మెషిన్, కౌంటర్ మీద స్టాప్లర్లు, లోపల కాగితం కట్టల మధ్య క్యాసెట్లక్క. జుట్టు నెరిసింది తప్ప అదే మొహం. ఎన్ని కాపీలు కావాలని అడిగింది. ఆయన తనెవరో, ఏ ఇంటివాడో చెప్పుకున్నాడు. ఆమెకు మనిషి గుర్తు రాలేదు కానీ ఇల్లు గుర్తొచ్చింది. టోపీవాడు అనగానే మాత్రం మెషిన్ ఆపేసి, చేతులు తుడుచుకుని వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

ఆమె వేళ్ళకు ఆట ఇంకా గుర్తుంది. గబ్బిలాలను తప్పించుకుంటూ చకచకా ఎక్కేసింది. మూడో అంతస్తులో టోపీవాడు ఇరుక్కున్నాడు.

"అయ్యో, ఇక్కడ ఇంకా ఇరుక్కుంటున్నాడే," అంది.

అది మానవ శ్రమకు సంకేతమని మనవాడు మొదలుపెట్టాడు. అలవాటైన వాక్యాలు కదా, నోటికి వచ్చేశాయి.

"సంకేతమా పాడా. అది నా తప్పు. నేను చేర్చిన ఆఖరి గదికి ప్రోగ్రాంలో చోటు చాల్లేదు. మెట్ల దగ్గర కాస్త కోసి అటు పెట్టుకున్నాను. సరిగ్గా అతకలేదు."

కొట్టుకు వచ్చే పత్రికల్లో అచ్చయిన ప్రోగ్రాములు టైపు చేస్తూ చేస్తూ తనకు ఆ విద్య పట్టుబడిందని చెబుతూనే ఆఖరి దీపం వెలిగించింది. తలుపు తెరుచుకుంది. టోపీవాడు డాన్సు చేశాడు. టపాకాయలు పేలాయి. కిరీటం దిగింది. గోడ మీద బారెడు పేరు వెలిగింది. ఆ టపాకాయలు ఎంతసేపటికీ అయిపోవేమిట్రా అని మనవాడికి ఆ రోజే మొదటిసారి అనిపించింది. అన్నీ ఆరేదాకా ఆమె ఓపిగ్గా చూసింది.

"కుర్చీ ఏది?"

"తీసేశానక్కా," అన్నాడు. "డాన్సుకి అడ్డమొచ్చింది."

ఆయనకు తల తీసేసినట్టయింది. కంపెనీవాళ్ళది చీమంత మార్చకుండా దించి, ఈవిడదాన్ని ఒక్కదాన్నే పడగొట్టాడు. అసలు ఆ కుర్చీ ఎందుకు పెట్టిందని అడిగాడు.

"నాన్న కొట్టులో కుర్చీలన్నీ అద్దెకొచ్చినవాళ్ళకే. నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఎక్కించేదాన్ని. కాళ్ళు లాగేసేవి. వీడిదీ అదే బతుకు. అన్ని దీపాలూ వెలిగించాక కూడా మళ్ళీ మొదటికే పంపేస్తారు. నాకు ఒళ్ళు మండింది. వీడైనా కాసేపు కూర్చోనీ అనుకున్నాను."

"మేం హ్యాంగయిందనుకున్నాం అక్కా."

"తెలుసు. వచ్చి నాన్న మీద పడేవాళ్ళుగా. ఆయన నన్ను తిట్టేవాడు, ఎక్కించడం కూడా చేతకాదని."

మరి చెప్పలేదా అని అడిగాడు. చెప్పి ఏం లాభమని ఆమె నవ్వింది. పరాయివాళ్ళ ఆటను దొంగతనంగా ఎక్కించి అమ్ముతూ, అందులో గది నాది అని ఏ మొహం పెట్టుకుని చెప్పుకోవాలి, అసలు ఆ మాటకు నవ్వకుండా వినేదెవరు అంది. ఆ మాటలో ఏడుపేమీ లేదు. ఎప్పుడో తేలిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

మనవాడు వచ్చిన పని చెప్పాడు. ఆట తీసేయాలి, తీసేస్తాడు. ఈ గదిని మాత్రం ఉంచుకోవచ్చు, ఆమె ఒప్పుకుంటే. ఆమె ఒప్పుకుంటాననీ, కానీ ఈ టపాకాయల గోల తను భరించలేననీ, ఎక్కడ మార్చాలో చూపిస్తే తనే మార్చుకుంటాననీ అంది. ఆయన చూపించాడు. ఈ కాలపు పద్ధతి పట్టుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. ఈలోగా కాపీల కోసం జనం వచ్చారు. ఆమె తల తిప్పకుండానే మెషిన్ చూపించింది. మనవాడు వెళ్ళి నిలబడి, ఒకాయన ఆస్తి కాగితాలు తలకిందులుగా తీసి, మాట పడి, మళ్ళీ తీశాడు.

మధ్య మధ్య వచ్చి తెర వైపు తొంగి చూశాడు. టపాకాయలు పోయాయి. కిరీటం పోయింది. డాన్సు పోయింది. గోడకు కుర్చీ తిరిగొచ్చింది. టోపీవాడి బొమ్మ కంపెనీది కాబట్టి వాడూ పోవాలని ఆయన చెబితే, ఆమె వాణ్ణి తుడిచేసి, చుక్క చుక్క పేర్చి ఇంకో మనిషిని గీసింది. ఆ మనిషికి జడ ఉంది. నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ఇక మిగిలింది గోడ మీద పేరు.

ఆమె వేలు బటన్ మీద ఆగింది. "ఇది?" అని అడిగింది, మామూలుగానే. ఉంచినా ఏమీ అనుకునేది కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. గది నీది, మళ్ళీ కట్టింది నేను, ఇద్దరి పేర్లూ వేద్దాం అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. న్యాయంగానే కనబడింది కూడా. కంపెనీ మెయిల్‌కు రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆయనకు. నిజంగానే వచ్చింది, దాన్ని మాత్రం జోకు చేసి చెప్పడు.

"తీసేయండక్కా," అన్నాడు. "మీది వేయండి."

తన పేరు ఒక్కో అక్షరమే చెరిగిపోతుంటే కళ్ళార్పకుండా చూశాడు. ఆ చోట ఆమె తన పేరు టైపు చేసింది. వీధిలో అన్నేళ్ళు అక్కా అక్కా అని పిలిచినా, ఆమె పేరేమిటో ఆయన చూడటం అదే మొదటిసారి.